ఐదు చెంచాల తోడు

ముందే ఒప్పుకుంటున్నాను. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా వీధిలో ఆవు తుమ్మిందని వింటే చాలు. నా నోట్లోంచి బయటికొచ్చేసరికి ఆ ఆవు ఏనుగై, నాలుగిళ్ల పెంకులు ఎగరగొట్టి ఉంటుంది. మా ఆవిడ నా మాటల్లో సగమే లెక్కలోకి తీసుకుంటుంది. మా అమ్మ పావువంతు. మీరెంత నమ్ముతారో మీ ఇష్టం. కాని ఇప్పుడు చెప్పబోయే పెరుగు సంగతిలో పూర్తిగా నేను అల్లిన ముక్క ఒక్కటే ఉంది. అదేదో ఆఖర్న చెప్పేస్తాను. మిగిలినదంతా జరిగిందే. కాస్త పొంగింది, అంతే.

పోయిన జనవరిలో రైల్వే క్వార్టరు వదిలి ఖరగ్‌పూర్‌లోనే నిమ్‌పురాలో సొంత ఫ్లాటులోకి మారాం. రెండో అంతస్తు. వెనక కిటికీలోంచి రైల్వే యార్డు దీపస్తంభాలు కనిపిస్తాయి. తూర్పు కిటికీ ఉన్న గది అమ్మకి. నిజానికి ఆ గదిని చూసే ఆ ఫ్లాటు తీసుకున్నాను. డెబ్బై ఆరేళ్ల మనిషి, పొద్దుటెండ తగిలితే మోకాళ్లు కాస్త మాట వింటాయని. సామాను వేసుకొస్తున్న రిక్షా వ్యాను పట్టాలు దాటేచోట ఒక్క ఎగురు ఎగిరింది. టీవీకి ఏం కాలేదు. అద్దం బీరువాకి ఏం కాలేదు. అమ్మ రాచిప్ప మాత్రం నిట్టనిలువునా చీలింది.

రాతిని తొలిచి చేసిన గిన్నె అది. మా నాయనమ్మ శ్రీకాకుళం వైపు నుంచి కాపురానికి వస్తూ పాసింజరు బండిలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. అందులో పుట్టింటి పెరుగు. ఆ పెరుగులోంచి తీసిన తోడుతో మర్నాటి పెరుగు, దాన్లోంచి ఆ మర్నాటిది. అలా నాయనమ్మ చేతిలోంచి అమ్మ చేతికి, అమ్మ చేతిలోంచి మా ఆవిడ చేతికి ఒక్కరోజు తెగకుండా వచ్చింది. ఈలోగా ఇంజన్లు బొగ్గు తినడం మానేశాయి, డీజిలు తాగడం మానేశాయి, కరెంటుకి అలవాటు పడ్డాయి. మా పెరుగు మాత్రం మారలేదు.

రాచిప్ప చీలినప్పుడు అమ్మ ఏడవలేదు. పగులు మీద అరచెయ్యి అడ్డం పెట్టి, లోపల మిగిలిన పెరుగుని చెంచాతో గ్లాసులోకి తీసింది. ఐదు చెంచాలు వచ్చింది.

కొత్తింట్లో పాలు పొంగించడం అందరికీ ఉన్నదే. మా ఇంటివాళ్లకి దాని మీద ఇంకొకటి ఉంది. పొంగగా మిగిలిన పాలకి పాతింటి తోడు వేసి పెరుగు పెడతారు. అది గడ్డకడితే ఇల్లు మనల్ని ఒప్పుకున్నట్టు. అది కట్టిన తరవాతే ఇంటికి పెద్దావిడ ఆ ఇంట్లో పెరుగన్నం తింటుంది. కట్టకపోతే ఏమవుతుందో ఎవరికీ తెలీదు, ఎందుకంటే కట్టకపోవడం మా ఇంటా వంటా లేదు.

మొదటి చెంచా స్టీలు గిన్నెలో వేశాం. చలికాలం మా ఇంట్లో పొద్దున్నే తోడు పెడతారు, సాయంత్రానికి గడ్డకడుతుంది. మా ఆవిడ పాలలో చిటికెన వేలు ముంచి చూసి, సరిపోయిందనుకున్నాక తోడు వేసి, మూతపెట్టి, నా పాత మఫ్లరు చుట్టి వంటింటి గట్టు మీద పెట్టింది. గృహప్రవేశం కోసం నేను వారం సెలవు పెట్టాను. చెయ్యడానికి పని లేదు. పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూచున్నాను.

సాయంత్రం మూత తీస్తే పైన నీళ్లు, కింద తెల్లటి పలుకులు.

"పాలు మంచియి కాదేమో అత్తా," అంది మా ఆవిడ. ఆవిడ గొంతు నాకు తెలిసిన గొంతులా లేదు.

అమ్మ గిన్నెలోకి చూసింది, ఆవిడకేసి చూసింది, నాకేసి చూడలేదు. "ఇంకోపాలి సూద్దాం," అంది. ఆ రాత్రి చారన్నంతోనే లేచింది. ఆఖరి ముద్ద పెరుగుతో తినకుండా అమ్మ కంచం ముందునుంచి లేవడం నేను అంతవరకు చూడలేదు. పెరుగు కలపని భోజనం ఆవిడ లెక్కలో టిఫిను.

అప్పుడు బాధ్యత నేను తీసుకున్నాను. ఇది గిన్నె లోపమని తేల్చేశాను. రాచిప్ప పోయింది కాబట్టి దానికి సాటి వచ్చే సామాను ఎంచాలి, అందుకు ఖరగ్‌పూర్‌లో నాకంటే అర్హుడు లేడు. ఎందుకంటే నేను బళ్లు తనిఖీ చేసే మనిషిని. బండి ఆగగానే సుత్తి పట్టుకుని పక్కనే నడిచేవాళ్లం. చక్రం మీద ఒక్క దెబ్బ వేస్తే మంచి చక్రం గంటలా మోగుతుంది, పగులున్నది బొంగురు పోతుంది. ఇప్పుడు ఆ పనికి యంత్రాలొచ్చాయి గాని నా చేతికి ఆ సంగతి తెలీదు. కొబ్బరికాయ కొనాలన్నా కొట్టి వింటాను, కుర్చీలో కూచోవాలన్నా కొట్టి వింటాను. పెళ్లిచూపుల్లో మా మామగారి తలుపు కూడా కొట్టి విని, ఇల్లు గట్టిదేనన్నానట.

గోల్‌బజార్‌లో సామాన్ల కొట్టుకెళ్లి వరసగా ఇరవై గిన్నెలు మోగించాను. కొట్టతను మొదట నవ్వాడు, తరవాత చెవులు మూసుకున్నాడు.

"దాదా, యే బర్తన్ హై, ఇంజన్ నహీ!" ఇవి గిన్నెలు, ఇంజన్లు కావని అతని గోల.

"మోగనివ్వండి. మా అమ్మ అన్నం తినాలి."

అతనికి ఆ రెంటికీ సంబంధం అర్థం కాలేదు. చివరికి హాట్‌బాక్స్ ఒకటి తీసుకున్నాను. రెండు గోడలు, మధ్యలో దూది లాంటిదేదో, మూత తిప్పితే బిగుసుకుంటుంది. వేడి బయటికి రాదు, చలి లోపలికి పోదు. ఇందులో కుదరకపోతే ఇక భూమ్మీద పెరుగే లేదని ఇంట్లో ప్రకటించాను.

రెండో చెంచా అందులోకి వెళ్లింది. నేను కుర్చీ వేసుకున్నాను.

సాయంత్రానికి మళ్లీ నీళ్లూ పలుకులూ.

అమ్మ లేచి తన గదిలోకి వెళ్లింది. మంచం కింద సంచీ లాగిన చప్పుడు. నేను వెనకే వెళ్లాను.

"ఏటమ్మా ఇది?"

"నేను బరంపురం ఎల్లిపోతాను. మీ అక్క కాడుంటాను."

"రెండుపాల్లు కుదరకపోతేనే?"

"నా మాట పూర్తిగా ఇనవు. పొద్దున్న బల్లి పలికినాది. నిన్న గాదు మొన్న పెట్టినప్పుడూ పలికినాది. పెరుగు పెట్టినప్పుడల్లా వంటింట్లోంచి టక్ టక్ మని పలుకుతంది. ఈ ఇంటికి నేనొద్దు. పెద్దదాన్ని, నాకు సెప్పకపోతే ఎవురికి సెప్తాదది?"

అమ్మతో వాదించి గెలవొచ్చు, ఎప్పుడో ఒకసారి. బల్లితో వాదించి గెలిచినవాడు మా వైపు లేడు. టార్చి పట్టుకుని వంటింట్లో ప్రతి మూలా వెతికాను. గట్టు కింద, గ్యాసుబండ వెనక, ఎగ్జాస్టు ఫ్యాను రెక్కల్లో. రంగు వాసన ఇంకా ఆరని ఇల్లు, బల్లి కాదు కదా చీమైనా చిరునామా తెలుసుకోలేదు. ఆ మాటే చెప్పాను.

"కనిపించకుండా పలికిందంటే మరీ సెడ్డ," అంది అమ్మ, చీర మడతపెడుతూ.

మా ఆవిడ వంటింట్లో నన్ను పట్టుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పక్కింటి దీదీనడిగి కాస్త తోడు తెస్తాను. అత్తకి సెప్పకండి. ఆవిడ తింటే సాలు."

చెప్పలేదు. కాని గోడకి చెవులున్నట్టు గదిలోంచి వినబడింది. "పరాయి తోడుతో నా ఇల్లు మొదలెడతారేటే? ఆ పెరుగు నా కంచంలో పడితే నేను కంచం ఒదిలేస్తాను."

బరంపురం నుంచి అక్క ఫోను చేసింది. అక్క కొడుకు ఆదివారం పొద్దుటి బండికి అమ్మకి టికెట్టు తీసేశాడట. ఆరోజు మంగళవారం. అమ్మ తిండి అప్పటికే సగమైంది. పొద్దున్న ఇడ్లీ ఒకటి, మధ్యాహ్నం చారన్నం నాలుగు ముద్దలు. అడిగితే ఆకలి లేదంటుంది. తూర్పు కిటికీ ముందు కూచుని ఎండ కాసుకుంటుంది గాని, వెయిటింగ్ హాల్లో కూచున్నట్టు సంచీ కాలికి ఆనించుకుని కూచుంటుంది.

బుధవారం మిఠాయికొట్టు బెంగాలీ దాదా దగ్గరికి పరుగెత్తాను. అతని మిష్టీ దొయి, అదే తీపి పెరుగు, ముంతని బోర్లించినా కిందపడదు. తెలుగువాళ్ల మధ్య పుట్టి పెరిగినవాడు, మన మాట బాగానే వస్తుంది. కథంతా విని, ఖాళీ మట్టి ముంత ఒకటి చేతిలో పెట్టాడు.

"రాత్రంతా నీళ్లలో నానబెట్టు. మట్టి దాహం తీరాక పాలు పొయ్యి. పోసి మరిచిపో, దాదా. దొయికి నిద్ర కావాలి. పసిపిల్ల లాంటిది, నువ్వు పక్కన నిలబడితే పడుకోదు."

"రైల్వేలో మరిచిపోతే బళ్లు పడిపోతాయి," అన్నాను. ముంతని వేలితో కొట్టి చూశాను. బాగా మోగింది. దాదా నా వేలికేసి ఒకలా చూశాడు.

గురువారం మూడో చెంచా ముంతలోకి వెళ్లింది. ఆరోజు కుర్చీతో పాటు దుప్పటి కూడా తెచ్చుకున్నాను. సాయంత్రం మూత తీస్తే అవే నీళ్లు, అవే పలుకులు. మా ఆవిడ ముంతని సింకులో వంచేసింది. ఆ నీళ్లు పోయిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అసలు సంగతి బయటపడింది. ముగ్గురం బల్ల చుట్టూ కూచున్నాం. వెనక యార్డులో వ్యాగన్లు ఢీకొట్టుకుంటూ తగులుకుంటున్నాయి. ఢమ్, ఢమ్, ఢమ్. అమ్మ ముందున్న గ్లాసులో నీళ్లు వణికాయి. సన్నటి గుండ్రాలు అంచుదాకా పాకాయి.

"చూశావా అమ్మా!" అని నేను లేచి నిలబడ్డాను. "ఇంటి తప్పు కాదు. యార్డు! వ్యాగన్లు కొట్టుకున్నప్పుడల్లా ఇల్లు కుదుపుతోంది. కుదుపుకి పెరుగు పగిలిపోతోంది. బల్లీ లేదు, గిల్లీ లేదు."

అమ్మ గ్లాసుకేసి చాలాసేపు చూసింది. "అలాగంటావేటి?" అంది. ఆ గొంతులో ఒక అంగుళం మెత్తదనం. నాలుగు రోజుల్లో అదే మొదటిది.

అంగుళం దొరికితే నేను ఆగుతానా. పాత సైకిలు ట్యూబు కోసి నాలుగు రబ్బరు ముక్కలు చేశాను. అప్పటికే ఫోనులో ఆర్డరు పెట్టిన కరెంటు పెరుగు మిషను మర్నాడు పొద్దున్నే వచ్చింది. తెల్లటి గుండ్రటి డబ్బా, లోపల గాజు గిన్నె, ముందు ఎర్ర దీపం. ఎంత చలైనా ఒకే వేడి ఇస్తుందట. తెలివైన యంత్రం, దాని కింద కుదుపు తగలకుండా నాలుగు రబ్బర్లు. అంతరిక్షంలోకి పంపేవాటికి కూడా ఇంత బందోబస్తు ఉండదు. కాగితంలో ఒక మాట లావు అక్షరాల్లో ఉంది, ఎనిమిది గంటలు కదపవద్దని. నేనెందుకు కదుపుతాను?

శుక్రవారం నాలుగో చెంచా. ఎర్ర దీపం వెలిగింది. గ్లాసులో ఇంక ఒక్కటే మిగిలింది.

మధ్యాహ్నం మా ఆవిడ మేడమీద బట్టలు ఆరేస్తోంది. అమ్మ గదిలో పడుకుంది. నేను గడియారం చూసుకున్నాను. అరగంట అయింది. వేళ తప్పకుండా చెంచా తీసుకుని డబ్బా మూత మీద మూడు దెబ్బలు వేసి, చెవి ఆనించి విన్నాను. నీళ్లయితే ఒక మోత, గడ్డయితే ఇంకో మోత.

టక్. టక్. టక్.

"అదిగో! పలికినాది!"

అమ్మ ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఏ మూల పలికిందో ఈసారి కళ్లతో చూడాలని పడుకున్నట్టు నటిస్తోందట. ఆవిడకి కనిపించింది ఇదీ: ఏభై రెండేళ్ల కొడుకు పెరుగు డబ్బాని కౌగిలించుకుని, చెవి ఆనించి, చెంచా గాల్లో ఎత్తి పట్టుకుని ఉన్నాడు.



"ఏట్రా అది?"

"తనిఖీ."

"ఎన్నిపాల్లు సేసినావు?"

"అరగంటకోపాలి."

"మొన్న ముంతనీ కొట్టినావా?"

"కొట్టాను."

"దానికి ముందర?"

నేను తలూపాను. అప్పుడు, ఆ తలూపుతున్నప్పుడు, నాకు తెలిసొచ్చింది. మొదటి రోజునుంచీ. ఇల్లు ఒప్పుకుంటుందో లేదోనన్న కంగారు, సెలవు, పక్కన కుర్చీ, చేతిలో చెంచా. పేరుకుంటున్న పెరుగుని అరగంటకోసారి కొట్టి, ఆపైన అనుమానమొస్తే మూత తీసి చలి తగిలించి మళ్లీ మూసి, సాయంత్రానికల్లా నా చేత్తో నేనే పగలగొట్టాను. పాతింట్లో ఆ బెడద లేకపోయింది, పగలంతా నేను బళ్ల దగ్గర ఉండేవాణ్ని కాబట్టి.

మూత తీసి చూశాం. నీళ్లూ పలుకులూ.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చీపురు గోడకి ఆనించి, గట్టు అంచు పట్టుకుని ముక్కాలి పీట మీద కూలబడింది. గ్లాసు దగ్గరికి లాక్కుని లోపలికి చూసింది.

"ఒక్క సెంచా ఉంది," అంది. "మీ నాయనమ్మ పుట్టింటిది. ఇదీ పోతే మరి నేదు."

బట్టల బుట్టతో కిందికొచ్చిన మా ఆవిడకి నేనే చెప్పాను. అరుస్తుందనుకున్నాను. ఆవిడ బుట్ట దింపి, "ఐదు రోజులుగా నా సెయ్యి మంచిది కాదనుకుంటన్నానండీ," అంది. అంతే అంది. దానికంటే అరిచినా బాగుండేది.

శనివారం పొద్దున్న అమ్మ నా సామాను ఏదీ ముట్టుకోలేదు. హాట్‌బాక్స్ వద్దంది, ముంత వద్దంది, మిషను వైరు పీకి పక్కన పెట్టించింది. మొదటిరోజు స్టీలు గిన్నె కడిగించి, కోడల్ని పిలిచి, "నువ్వెయ్యే," అంది. మా ఆవిడ చిటికెన వేలు ముంచింది. ఆఖరి చెంచా వేసి, గ్లాసులో కాసిని పాలు పోసి తొలిచి ఆ తొలిచినవి కూడా వేసింది. మఫ్లరు చుట్టింది. అమ్మ నాకేసి తిరిగింది.

"ఎల్లు."

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా ఎల్లు. నాలుగ్గంటలకి ముందర ఈ గుమ్మం తొక్కినావంటే రేపటి బండికి నాతోపాటు నిన్నూ ఎక్కించెస్తాను. ఆ సెంచా ఇలాగియ్యి."

జేబులోంచి చెంచా తీసి ఇచ్చాను. అది జేబులో ఉందని నాకే తెలీదు.

దాదా కొట్టులో ఎనిమిది గంటలు కూచున్నాను. టీలు ఎన్ని తాగానో చెబితే మీరు నమ్మరు, కాబట్టి పద్దెనిమిది అనుకోండి. పెరుగు కట్టకపోతే ఏం చెయ్యాలో ఆలోచించాను. ఏమీ తోచలేదు. రేపీపాటికి తూర్పు కిటికీ ముందు ఖాళీ కుర్చీ, దాని మీద ఎండ. ఆ ఫ్లాటులో అమ్మ లేకుండా నేనెక్కడ కూచోవాలో కూడా ఆలోచించుకోలేకపోయాను. నా వేళ్లు బల్ల మీద టకటకమంటున్నాయి. దాదా వచ్చి నా చెయ్యి పట్టుకుని బల్ల మీద బోర్లా పెట్టి, దాని మీద తన లెక్కల పుస్తకం పెట్టాడు.

"నీ ఇంట్లో దొయి పడుకుంది," అన్నాడు. "ఇక్కడ కూడా కొట్టకు. ఎవరు చూశారు, వినబడుతుందేమో."

నాలుగుంబావుకి మెట్లెక్కాను. కావాలనే పావుగంట ఆలస్యం చేశాను. తలుపు తీసే ఉంది. లోపల చప్పుడు లేదు. గట్టు మీద మఫ్లరు మడతపెట్టి ఉంది, గిన్నె లేదు. సింకులోకి చూశాను. కడిగిన గిన్నె ఏదీ లేదు. నా గుండె యార్డంత చప్పుడు చేసింది.

అమ్మ తన గదిలో కిటికీ దగ్గర కూచుని ఉంది. ఒళ్లో కంచం. కంచంలో అన్నం. అన్నం మీద పెరుగు, కత్తితో కోసినట్టు అంచులు నిలబడిన పెరుగు. మా ఆవిడ పక్కనే గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి గిన్నెని ఒకపక్కకి వంచింది. లోపలిది కదల్లేదు.

"ముందుగా రేపటికి తోడు తీసి పక్కనెట్టినాం," అంది అమ్మ, ముద్ద మింగి. "బల్లి నేదు కదా, హాయిగా కట్టినాది."

"అమ్మా..."

"ఇంటి తప్పేటీ నేదు. ఏభై రెండేళ్లుగా బల్లిని పెంచుకుంటన్నాను, నాకే తెలీనేదు. ఆ సంచీ తీసి అటకమీద పారెయ్. అక్కకి ఫోన్ సేసి టికెట్టు ఒద్దని సెప్పు. అన్నీ సెప్పకు, అదీ వాగుడుకాయే. యార్డు కుదుపని సెప్పు."

అలాగే చెప్పాను. బరంపురంలో ఇప్పటికీ మా ఫ్లాటు రోజుకి ఇరవైసార్లు ఊగుతుందనే అనుకుంటున్నారు.

అల్లిన ముక్క ఏదో చెబుతానన్నాను కదా. ఆ యార్డు కుదుపే. యార్డు మా ఇంటికి వినిపిస్తుంది గాని తగలదు. గురువారం రాత్రి భోజనాల దగ్గర గ్లాసులో నీళ్లు వణికింది వ్యాగన్ల వల్ల కాదు. బల్ల కింద నా మోకాలు. ఢమ్ అన్నప్పుడల్లా ఒకసారి ఎత్తాను. ఇల్లు తనని వద్దంటోందని అమ్మ అనుకోకూడదని, అప్పటికి నాకింకేమీ దొరకలేదు. అమ్మ ఆ గ్లాసుకేసి చాలాసేపు చూసిందని చెప్పాను చూడండి, అదీ పూర్తిగా నిజం కాదు. ఆవిడ కాసేపు గ్లాసుకేసి చూసి, తరవాత నా మోకాలికేసి చూసింది. చూసి, "అలాగంటావేటి?" అంది.

మిగిలినదంతా జరిగిందే. టీలు పద్దెనిమిది కాదు, ఐదు. చెంచా అమ్మ ట్రంకుపెట్టెలో ఉంది, తాళం ఆవిడ కొంగున ఉంది.